గెట్‌ని ఒంటరిగా అడిగితే చెప్పదు

‘ఐ గాట్ అప్ లేట్, గాట్ డ్రెస్డ్, గాట్ టు ద స్టేషన్, గాట్ ఎ టికెట్, గాట్ ఆన్ ద ట్రెయిన్ అండ్ గాట్ స్లీపీ.’ ఈ ఒక్క వాక్యంలో గాట్, అంటే గెట్ భూతకాల రూపం, ఆరుసార్లు వచ్చింది. ఇదే సంగతి తెలుగులో చెప్పి చూడండి: ఆలస్యంగా లేచాను, బట్టలు వేసుకున్నాను, స్టేషనుకు చేరాను, టికెట్ తీసుకున్నాను, రైలెక్కాను, నిద్ర ముంచుకొచ్చింది. ఆరు గాట్‌లకు ఆరు క్రియలు. ఏ ఒక్కటీ రెండోసారి పనికి రాలేదు.

ఇలాంటి వాక్యం ఎదురైనప్పుడు మన ఇంగ్లీషు పాఠాలు చేసే పని ఒకటే, అర్థాల పట్టిక చేతిలో పెట్టడం. పొందు, తెచ్చు, చేరు, అవు, గ్రహించు, పట్టుకొను... పట్టిక పేజీ దాటుతుంది. అంతా బట్టీ కొట్టినా కొత్త వాక్యం కనబడగానే ఏ అర్థం తగిలించాలో తోచదు. ఈ పట్టికే దారి తప్పిస్తోందని నా వాదన. గెట్‌కి ముప్ఫయి అర్థాలు లేవు, ఒక కదలిక ఉంది: ఇంతకుముందు లేని చోటికో, లేని స్థితికో, లేని వస్తువు దగ్గరికో చేరుకోవడం. ఎక్కడికి, ఎలా అన్నది గెట్ చెప్పదు. దాని కుడిపక్కన కూర్చున్న మాట చెబుతుంది. కాబట్టి గెట్‌ని వదిలేసి ముందు పక్కమాటను చూడాలి.

ఈ చిక్కు పాతదే. శామ్యూల్ జాన్సన్ 1755లో తన ఇంగ్లీషు నిఘంటువుకు ముందుమాట రాస్తూ, పట్టుకు దొరకని చిన్న క్రియలని కొన్నిటిని పేరుపేరునా చెప్పాడు. కమ్, గివ్, పుట్, సెట్, గో, రన్, మేక్, టేక్ లాంటివాటితో పాటు గెట్ కూడా అందులో ఉంది. వీటి అర్థాలు మొదటి ఊహ నుంచి ఎంత దూరం వంకర్లు పోయాయంటే, ఆ చిక్కుదారుల్లో జాడ పట్టడం కష్టమని ఆయన గోడు. ఆ జాబితాలోని సెట్ సంగతే చూడండి. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో ఆ ఒక్క క్రియకే సుమారు 60,000 మాటల వివరణ పట్టింది. నిఘంటువు పని నమోదు చేయడం, అది చేసింది. నేర్చుకునేవాడు ఆ గోదాములోకి దిగి తడుముకోవాల్సిన పని లేదు.

కుడిపక్కన ఏముంది?

గెట్ తర్వాత నేరుగా నామవాచకం వస్తే ఆ వస్తువు మన దగ్గరికి చేరిందని అర్థం. కొన్నామా, ఎవరైనా ఇచ్చారా, దానంతటది వచ్చిందా అన్నది గెట్‌కి పట్టదు. ‘ఐ గాట్ ఎ లెటర్’లో మన ప్రయత్నమేమీ లేదు, ‘ఐ గాట్ ఎ జాబ్’లో బోలెడంత ఉంది. తెలుగు ఇక్కడ ఊరుకోదు. వచ్చిందో, దొరికిందో, తెచ్చుకున్నావో, సంపాదించావో ఏదో ఒకటి తేల్చమంటుంది. ‘ఉత్తరం వచ్చింది’ అంటాం. ‘ఉత్తరం సంపాదించాను’ అంటే వినేవాడు చెవులు రిక్కిస్తాడు.

మనిషి మాటా, వస్తువు మాటా రెండూ వస్తే, ‘గెట్ మీ ఎ చెయిర్’లోలాగా, అది తెచ్చిపెట్టడం. దీన్ని బ్రింగ్‌తో కలిపేయకూడదు. గెట్‌లో వెళ్ళడం, తీసుకోవడం, తిరిగిరావడం మూడూ ఉన్నాయి. బ్రింగ్‌లో ఇటువైపు రావడమే ముఖ్యం. బయట ఉన్న మనిషికి ఫోన్ చేసి ‘వచ్చేటప్పుడు ఛార్జర్ తీసుకురా’ అంటే బ్రింగ్. ఎదురుగా కూర్చున్న మనిషితో ‘పక్క గదిలోంచి ఛార్జర్ తీసుకురా’ అంటే గెట్. తెలుగులో రెండుచోట్లా ‘తీసుకురా’నే కాబట్టి తేడా మన చెవికి ఆనదు.

విశేషణం వస్తే ఆ స్థితిలోకి మారడం. గెట్ కోల్డ్ చల్లబడటం, గెట్ టైర్డ్ అలసిపోవడం, గెట్ రెడీ సిద్ధమవడం. మనకు అవు, పడు, పోవు అనే మూడు క్రియలు పంచుకునే పనిని గెట్ ఒక్కటే లాగుతుంది. అలాగని ప్రతి విశేషణం దగ్గరికీ దాన్ని తోలుకుపోలేం. చూపు పోవడం ‘గో బ్లైండ్’, జుట్టు నెరవడం ‘గో గ్రే’, ముఖం ఎర్రబడటం ‘టర్న్ రెడ్’ లేదా ‘గో రెడ్’. వెనక్కి మళ్ళని మార్పులకూ, చెడిపోవడాలకూ ఇంగ్లీషు గో వైపు మొగ్గుతుంది. ఈ తేడా బాగా తెలిసే జంట ఒకటుంది. ‘గెట్ మ్యాడ్’ అంటే, ముఖ్యంగా అమెరికాలో, కోపం తెచ్చుకోవడం, కాసేపటికి తగ్గిపోయేది. ‘గో మ్యాడ్’ అంటే పిచ్చెక్కడం.

అసలు బెడద ఇక్కడే మొదలవుతుంది. తెలుగులో భావాలే మన దగ్గరికి వస్తాయి. కోపం వస్తుంది, నిద్ర వస్తుంది, అనుమానం వస్తుంది, ఏడుపు వస్తుంది. మనం ‘నాకు’ అని ఉన్నచోటే కూర్చుంటాం, అవే నడిచి వస్తాయి. ఇంగ్లీషులో భావం ఉన్నచోటే ఉంటుంది, మనిషే అందులోకి నడిచి వెళ్తాడు. అందుకని ‘నాకు కోపం వచ్చింది’లో కర్తగా ఉన్న కోపం ఇంగ్లీషులో విశేషణంగా మారిపోవాలి, ‘నాకు’ కాస్తా ‘నేను’ కావాలి: ‘ఐ గాట్ యాంగ్రీ’. మాటకు మాట పెట్టి ‘ఐ గాట్ యాంగర్’ అంటే కుదరదు. ‘నిద్ర వస్తోంది’ కూడా ‘ఐ యామ్ గెటింగ్ స్లీప్’ కాదు, ‘ఐ యామ్ గెటింగ్ స్లీపీ’. (‘గెట్ సమ్ స్లీప్’ అనే మాట ఉంది, కానీ దాని అర్థం ‘వెళ్ళి కాసేపు పడుకో’ అని. అక్కడ నిద్ర కొలిచి తీసుకునే సరుకు.) నవ్వు వచ్చినప్పుడైతే గెట్ అసలు పనికిరాదు, ‘ఐ ఫెల్ట్ లైక్ లాఫింగ్’ అనాలి. జబ్బుల దగ్గర మాత్రం రెండు భాషలూ ఒకే దారిలో నడుస్తాయి. జలుబు, తలనొప్పి, మలేరియా అన్నీ నామవాచకాలుగానే గెట్ పక్కన కూర్చుంటాయి: ‘గెట్ ఎ కోల్డ్’, ‘గెట్ ఎ హెడేక్’.

అర్థమవడానికీ ఇదే క్రియ. ‘ఐ గెట్ ఇట్’ అంటే అర్థమైంది. అర్థం కాకపోతే మామూలుగా ‘ఐ డోన్ట్ గెట్ ఇట్’. మన దగ్గర తరచుగా వినబడే ‘ఐ డిడ్‌న్ట్ గెట్ యు’ మాత్రం జాగ్రత్తగా వాడాల్సిన మాట. చెప్పింది వినబడలేదనో అర్థం కాలేదనో మన ఉద్దేశం. ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్నవాడికి అది ‘మీరు దొరకలేదు’ అనో, ‘మీరు ఎలాంటి మనిషో అంతుబట్టలేదు’ అనో స్ఫురించవచ్చు. ‘యు’ తీసి ‘దట్’ పెడితే తగాదా తీరిపోతుంది: ‘ఐ డిడ్‌న్ట్ గెట్ దట్’.

అయింది అన్నచోటల్లా గాట్ పెట్టకండి

‘ద పేమెంట్ గాట్ ఫెయిల్డ్.’ ‘మై పాస్‌పోర్ట్ గాట్ ఎక్స్‌పైర్డ్.’ ‘ద ఎర్రర్ గాట్ అకర్డ్.’ ఆఫీసు మెయిళ్ళలో రోజూ కనబడే ఈ మూడూ తప్పులే. కానీ ‘ద మీటింగ్ గాట్ క్యాన్సిల్డ్’, ‘ద ఫ్లైట్ గాట్ డిలేడ్’ పూర్తిగా సరైనవి. చూడటానికి అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. మరి మొదటి మూడూ ఎక్కడ చెడ్డాయి?

గెట్ పక్కన క్రియ మూడో రూపం వస్తే అది కర్మణి ప్రయోగం. అంటే ఆ పని ఒకరు చేస్తే ఇంకొకరికి జరగాలి. మీటింగుని ఎవరో క్యాన్సిల్ చేస్తారు, విమానాన్ని పొగమంచో సాంకేతిక లోపమో డిలే చేస్తుంది. పాస్‌పోర్టుని ఎవరూ ఎక్స్‌పైర్ చేయరు, గడువు దానంతటదే తీరుతుంది. చేసేవాడు లేని క్రియకు కర్మణి ఉండదు. కాబట్టి పరీక్ష సులువు: ‘సమ్‌వన్’ని కర్తగా పెట్టి వాక్యాన్ని తిప్పి చూడండి. ‘సమ్‌వన్ క్యాన్సిల్డ్ ద మీటింగ్’ నిలబడుతుంది, గాట్ పెట్టుకోవచ్చు. ‘సమ్‌వన్ ఎక్స్‌పైర్డ్ ద పాస్‌పోర్ట్’ కూలిపోతుంది, గాట్ తీసేసి ‘మై పాస్‌పోర్ట్ ఎక్స్‌పైర్డ్’ అని వదిలేయాలి. ‘గాట్ హ్యాపెన్డ్’, ‘గాట్ డిసప్పియర్డ్’ కూడా ఈ జల్లెడలో ఆగిపోతాయి.

తప్పు ఎక్కడ పుట్టిందో కూడా కనబడుతూనే ఉంది. తెలుగులో ఇంగ్లీషు క్రియ ఏది తెచ్చినా దానికి ‘అయింది’ తగిలిస్తాం: ఫెయిల్ అయింది, క్యాన్సిల్ అయింది, ఎక్స్‌పైర్ అయింది. ఎవరో చేసినా, దానంతటదే జరిగినా మనకు ఒకటే ‘అయింది’. ఆ అయిందిని మళ్ళీ ఇంగ్లీషులోకి మోసుకెళ్ళేటప్పుడు గాట్ అవుతోంది.

బి (ఈజ్, వాజ్ లాంటివి) పెట్టి రాసే కర్మణికీ దీనికీ తేడా ఏమిటంటే, గెట్ జరిగిన ఘట్టాన్ని మాత్రమే చెబుతుంది. ‘ద విండో వాజ్ బ్రోకెన్’ అంటే కిటికీ అప్పటికే పగిలి ఉందా, అప్పుడే ఎవరైనా పగలగొట్టారా తెలియదు. ‘ద విండో గాట్ బ్రోకెన్’ అంటే పగలడం అనే సంఘటన జరిగిందన్నమాటే. ‘దే ఆర్ మ్యారీడ్’ వాళ్ళ స్థితి, ‘దే గాట్ మ్యారీడ్’ పెళ్ళి జరిగిన రోజు. కదలిక లేని క్రియలతో గెట్ పొసగదు కాబట్టే ‘ద ఆన్సర్ ఈజ్ నోన్’ ఉంది గానీ ‘గాట్ నోన్’ లేదు. పైగా ఈ గెట్‌లో మేలో కీడో కర్తకు తగిలిందన్న ధ్వని ఉంటుంది: గాట్ ఫైర్డ్, గాట్ రాబ్డ్, గాట్ ప్రమోటెడ్. తెలుగులో ‘చెప్పబడింది’ అంటే పుస్తకాల వాసన వేస్తుంది గానీ ‘పట్టుబడ్డాడు’ అంటే వీధి మాటే. గెట్ పుట్టించే కర్మణి ఆ ‘పట్టుబడ్డాడు’ లాంటిది.

చేయించడం ఎన్ని రకాలు?

చేయించు, రాయించు, పెట్టించు. ప్రేరణార్థకం తెలుగుకు పుట్టుకతో వచ్చిన సంపద. ఒక్క ‘ఇంచు’తో పని ఇంకొకరి చేతికి పోతుంది. ఇంగ్లీషుకు అలాంటి ప్రత్యయం లేక మూడు క్రియలను పనికి పెట్టుకుంది. ‘అతనిచేత సంతకం పెట్టించాను’ అన్నదానికి మూడు అనువాదాలున్నాయి. ‘ఐ మేడ్ హిమ్ సైన్’ అంటే మెడలు వంచి పెట్టించాను. ‘ఐ హ్యాడ్ హిమ్ సైన్’ అంటే పెట్టమని చెప్పాను, అది అతని పనే కాబట్టి పెట్టాడు. ‘ఐ గాట్ హిమ్ టు సైన్’ అంటే నచ్చజెప్పో, వెంటపడో, మాయమాట చెప్పో ఒప్పించాను. తెలుగులో ఈ ఛాయ కావాలంటే విడిగా మాట కలపాలి.

ఇక్కడ ఎక్కువగా దొర్లే తప్పు ‘టు’ దగ్గర. మేక్, హ్యావ్‌ల తర్వాత ‘టు’ రాదు, గెట్ తర్వాత తప్పకుండా వస్తుంది. మనవాళ్ళు సరిగ్గా తలకిందులు చేస్తారు, ‘మేడ్ హిమ్ టు సైన్’, ‘గాట్ హిమ్ సైన్’ అని. గెట్‌లో కదలిక ఉందన్న మొదటి మాట గుర్తుంటే ఇది మరిచిపోరు. మనిషిని సంతకం దాకా నడిపించుకు వచ్చాం, ఆ ‘దాకా’నే ఈ ‘టు’.

మనిషి బదులు వస్తువు వచ్చి, దాని తర్వాత క్రియ మూడో రూపం వస్తే: ‘ఐ గాట్ మై హెయిర్ కట్’. తెలుగులో ‘జుట్టు కత్తిరించుకున్నాను’ అంటే అద్దం ముందు నేనే కత్తెర పట్టానా, క్షవరం చేయించుకున్నానా తెలియదు, సందర్భమే చెప్పాలి. ఇంగ్లీషు ఆ రెండిటినీ విడగొడుతుంది. ‘ఐ కట్ మై హెయిర్’ అంటే కత్తెర నా చేతిలోనే ఉందనుకుంటారు. తమాషా ఏమిటంటే ఇదే చట్రంలో ప్రమాదం కూడా ఇముడుతుంది. ‘ఐ గాట్ మై ఫింగర్ కాట్ ఇన్ ద డోర్’ అంటే వేలు తలుపు సందులో ఇరుక్కుంది, ఎవరూ పనిగట్టుకుని ఇరికించుకోరు. కావాలని చేయించుకున్నదా, నెత్తిన పడ్డదా అన్నది వ్యాకరణం తేల్చదు. జుట్టు, వేలు, తలుపు అన్న మాటలే తేల్చాలి.

ఎక్కడం, దిగడం, దాటడం

గెట్ పక్కన దిక్కును చెప్పే చిన్నమాట వస్తే పట్టికలు మరీ బారెడవుతాయి. ఫ్రేజల్ వెర్బులని పేరుపెట్టి వందలకొద్దీ బట్టీ పట్టిస్తారు. చాలావాటిని కదలికగా ఊహిస్తే చాలు. గెట్ ఓవర్ అంటే గట్టు దాటి అవతల పడటం, అందుకే జబ్బు నుంచో దుఃఖం నుంచో కోలుకోవడం. గెట్ బై అంటే ఇరుకుసందులో పక్కనుంచి ఎలాగో జరిగిపోవడం, అందుకే చాలీచాలని డబ్బుతో నెట్టుకురావడం. గెట్ అక్రాస్ అంటే మాటను అవతలి ఒడ్డుకు చేర్చడం. గెట్ అవే విత్ అంటే చేసిన తప్పుతో సహా జారుకోవడం. ఊహకు లొంగనివి కొన్ని మిగులుతాయి, వాటిని బట్టీ పట్టక తప్పదు.

బస్సు దిగడానికి మనం ‘గెట్ డౌన్’ అంటాం. బయటివాళ్ళకు ‘గెట్ డౌన్!’ అంటే కిందికి వంగు, నేలకు ఆనుకో అని. బస్సు, రైలు, విమానం, ఓడ లాంటి, లేచి నిలబడి నడవగలిగిన వాహనాలకు ఎక్కడం ‘గెట్ ఆన్’, దిగడం ‘గెట్ ఆఫ్’. కారులోలా వంగి లోపలికి దూరి కూర్చోవాల్సిన వాటికి ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్’. సైకిలుకూ గుర్రానికీ, పైనెక్కి కూర్చుంటాం కాబట్టి, మళ్ళీ ఆన్, ఆఫ్.

ఒక చిన్న ‘వ్’ తేడా

‘ఐ గాట్ టు సీ హర్.’ ‘ఐవ్ గాట్ టు సీ హర్.’ మొదటిది: ఆమెను చూసే అవకాశం దొరికింది. రెండోది: ఆమెను చూసి తీరాలి. ఒకటి జరిగిపోయిన అదృష్టం, ఇంకొకటి ముందున్న పని. రెండిటి మధ్య ఉన్నది ఒక్క ‘వ్’, అది కూడా గబగబా మాట్లాడేటప్పుడు రాలిపోతుంది. అప్పుడు ‘టు’ పలుకు కూడా కరిగి ‘గాటా’ అవుతుంది, ‘ఐ గాటా గో’ అన్నట్టు. గాటా అని వినబడితే దాదాపు ఎప్పుడూ రెండో అర్థమే, ‘వెళ్ళాలి’. ఈ తప్పనిసరికి గాట్‌తో భూతకాలం లేదని కూడా గమనించాలి. నిన్న వెళ్ళాల్సి వచ్చిందంటే ‘ఐ హ్యాడ్ టు గో’ అనాలి.

‘ఐవ్ గాట్ ఎ కార్’ ఇంకో వింత. రూపం చూస్తే ‘సంపాదించి ఉన్నాను’, అర్థం చూస్తే ‘నాకు కారు ఉంది’. సంపాదించినవాడి దగ్గర వస్తువు ఉంటుంది కాబట్టి, ‘సంపాదించాను’ మెల్లగా అరిగి ‘ఉంది’ దగ్గర ఆగింది. సుమారు 1600 ప్రాంతం నుంచే ఈ వాడుక ఉంది. జాన్సన్ కూడా దీన్ని పట్టుకున్నాడు. ఒకామెకు నల్లకళ్ళు ‘గాట్’ అన్నామంటే ఆమె వాటిని ఎక్కడో ఆర్జించిందని కాదు, ఉన్నాయని మాత్రమేనని వివరించాడు.

గట్టి గకారం ఎక్కడిది?

ఇంగ్లీషుకు గెట్ సొంత బిడ్డ కాదు. పాత ఇంగ్లీషులో ఈ ధాతువు ఉపసర్గ లేకుండా దాదాపు కనబడదు. ఫర్‌గెట్, బిగెట్ (బిడ్డను కను) అనేవాటికి మూలమైన మాటల్లోనూ, ‘గ్రహించు’ అని అర్థమిచ్చే ఇంకో మాటలోనూ దాక్కుని ఉండేది. అక్కడ జి అక్షరం రాసినా ఈకారం, ఏకారం లాంటి అచ్చుల ముందు యకారంగా పలికేవారు. మధ్యయుగపు రాతల్లో ‘ఫర్‌యెటెన్’ లాంటి రూపాలు కనబడేది అందుకే. ఆ లెక్కన ఈ రోజు మనం ‘ఫర్‌యెట్’ అంటూ ఉండాలి.

గట్టి గకారం సముద్రం దాటి వచ్చింది. 9వ శతాబ్దం నుంచి ఇంగ్లండు ఉత్తర, తూర్పు భాగాల్లో స్థిరపడ్డ స్కాండినేవియా జనం నార్స్ భాషలో ‘గెటా’ అనేవారు. పొందు, కను, ఊహించు అని దాని అర్థాలు. సుమారు 1200 నాటికి అది ఇంగ్లీషులో విడి క్రియగా రాతకెక్కింది. పాత ఇంగ్లీషులో యకారంతో పలికే గివ్‌కి గకారం వచ్చింది కూడా ఆ పరిచయం వల్లే. టేక్, కాల్, వాంట్, డై, చివరికి ‘దే’ అనే సర్వనామం కూడా అటునుంచి వచ్చినవే. యుద్ధంలో గెలిచినవాళ్ళ నుంచి గొప్ప గొప్ప మాటలు అరువు తెచ్చుకోవడం ఎక్కడైనా ఉన్నదే. ఇలా ‘వాళ్ళు’, ‘పిలు’, ‘తీసుకో’ లాంటి గడప లోపలి మాటలు మారాలంటే మాత్రం రెండు జనాలు ఇరుగుపొరుగుగా, ఒకే ఇంట్లోవాళ్ళుగా కలిసి బతకాలి.

ఈ గ, య తగాదా రెండువందల, మూడువందల ఏళ్ళకు కూడా చల్లారలేదు. ఇంగ్లండుకు అచ్చుయంత్రం తెచ్చిన విలియమ్ కాక్స్టన్ 1490లో ఒక అనువాదానికి ముందుమాట రాస్తూ ఒక సంగతి చెప్పాడు. లండను నుంచి ఓడలో బయల్దేరిన వర్తకులు గాలి లేక కెంట్ తీరాన ఆగారు. అందులో ఒకడు ఒక ఇంటికి వెళ్ళి గుడ్లు కావాలని ‘ఎగ్స్’ అనడిగాడు. ఆ ఇల్లాలు తనకు ఫ్రెంచి రాదంది. అతనికి ఒళ్ళు మండింది, ఎందుకంటే ఫ్రెంచి అతనికీ రాదు! చివరికి ఇంకొకడు ‘ఐరెన్’ అంటే ఆమెకు అర్థమైంది. ఎగ్స్ నార్స్ మాట, ఐరెన్ పాత ఇంగ్లీషు మాట. గట్టి గకారం అప్పటికింకా దక్షిణ తీరపు ఇళ్ళలోకి పూర్తిగా రాలేదన్నమాట.

ఇంకా వెనక్కి వెళ్తే దీని మూలం ‘చేత్తో పట్టుకోవడం’ అన్న అర్థమున్న ఇండో యూరోపియన్ (చాలా ఐరోపా భాషలకూ సంస్కృతానికీ ఉమ్మడి మూలభాష) ధాతువు. లాటిన్‌లో పట్టుకోవడాన్ని చెప్పే ‘ప్రెహెండెరె’ కూడా దాని సంతానమే. దాన్నుంచే ఇంగ్లీషుకు కాంప్రిహెండ్, అప్రిహెండ్, ప్రిజన్ వచ్చాయి. అంటే వీధిలో ‘ఐ గెట్ ఇట్’ అనేవాడూ, పండితుల సభలో ‘ఐ కాంప్రిహెండ్’ అనేవాడూ ఒకే తాతగారి మాట వాడుతున్నారు. పట్టుకోవడమే అర్థం చేసుకోవడం. ఫర్‌గెట్ అంటే ఆ పట్టు జారడం.

తెలుగు చదివినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యపోవాల్సింది లేదు. మన ‘కను’ సంగతి చూడండి: చూడటం, పొందడం, బిడ్డను కనడం. నార్స్ గెటాకీ బిగెట్‌కీ మధ్య ఉన్న చుట్టరికమే ఇక్కడ ఒక్క మాటలో ఉంది. గెట్‌కి ఇంకా దగ్గరగా నడిచింది ‘కొను’. మొదట అది తీసుకోవడం. కైకొను, చేకొను అన్న మాటల్లో చెయ్యి ఇంకా కనబడుతూనే ఉంది. తర్వాత డబ్బిచ్చి తీసుకోవడమైంది. ఇంకోవైపు అర్థం కరిగిపోయి, ఏ క్రియ వెనకైనా ‘తన కోసం’ అని చెప్పే తోకగా మారింది: రాసుకున్నాను, వండుకున్నాను. ‘కొనుక్కున్నాను’ అనే మాటను విప్పి చూస్తే కొను రెండుసార్లు ఉంది, ముందుది సరుకుకు, వెనుకది వ్యాకరణానికి. ‘ఐవ్ గాట్ టు గెట్ ఇట్’లో గెట్ రెండుసార్లు రావడం సరిగ్గా ఇలాంటిదే. మొదటిది ‘తప్పదు’ అని చెప్పే పనిముట్టు, రెండోదే అసలు క్రియ. కొనుక్కున్నాను అనే ఏ తెలుగువాడూ ‘కొనుకి అర్థాలెన్ని’ అని లెక్కపెట్టుకోడు.

గాటెన్ ఎవరిది?

గెట్‌కి మూడో రూపంగా వాడే గాటెన్ అమెరికావాళ్ళు పాడుచేసిన రూపమని ఒక అపోహ ఉంది. నిజానికి పాతది అదే. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో మొదటి బిడ్డ పుట్టినప్పుడు హవ్వ అనే మాటలో ‘ఐ హ్యావ్ గాటెన్’ అనే ఉంది. ఆ తర్వాత బ్రిటన్ దాన్ని వదిలేసింది, అట్లాంటిక్ దాటి వెళ్ళినవాళ్ళు ఉంచుకున్నారు. బ్రిటన్‌లోనూ ఫర్‌గాటెన్, ఇల్‌గాటెన్ (అన్యాయంగా సంపాదించిన) అన్నచోట ఇంకా బతికే ఉంది. అమెరికన్ వాడుకలో దీనివల్ల ఒక లాభం ఉంది. ‘ఐవ్ గాట్ ఎ టికెట్’ అంటే టికెట్ నా దగ్గర ఉంది. ‘ఐవ్ గాటెన్ ఎ టికెట్’ అంటే సంపాదించాను. బ్రిటిష్ వాడుకలో రెండిటికీ ఒకటే రూపం. ఏ వాడుక ఎంచుకున్నా ఫరవాలేదు గానీ అమెరికన్‌లో రాస్తూ ‘ఐవ్ గాటెన్ బ్రౌన్ ఐస్’ అనకూడదు. కళ్ళు ఉన్నవే, ఆర్జించినవి కావు.

తీసేయాలా?

వ్యాసాల్లో గెట్ కనబడగానే ఎర్రసిరాతో కొట్టేసే అలవాటు పాతకాలం నుంచి ఉంది. మాటల్లో వినబడినంతగా పరిశోధన పత్రాల్లో గెట్ కనబడదన్నది నిజమే. అయినా అన్నిటినీ ఒకే కత్తితో కోయడం దండగ. నామవాచకం ముందున్న గెట్‌ని మార్చడం మేలు, ఎందుకంటే మార్చినప్పుడు సమాచారం పెరుగుతుంది. ‘వి గాట్ ద డేటా’ అన్నచోట కొన్నారా, సేకరించారా, ఎవరైనా ఇచ్చారా అని చదివేవాడికి కావాలి. రిసీవ్డ్, కలెక్టెడ్, బాట్‌లలో ఏది నిజమో అది రాయండి. విశేషణం ముందుంటే బికమ్ చాలు, లేదా విశేషణాన్నే క్రియగా మార్చవచ్చు: ‘గాట్ వైడర్’ బదులు ‘వైడెన్డ్’. కర్మణిలో ఉంటే ‘బి’ పెట్టండి, కానీ పెట్టాక అది స్థితిలాగా వినబడుతోందేమో ఒకసారి చూసుకోండి. మనిషిని ఒప్పించిన గెట్ అయితే పర్సువేడ్ అని సూటిగా రాయవచ్చు. గెట్ మ్యారీడ్‌ని మాత్రం కదపకండి. మర్యాద పెరుగుతుందని ‘బికేమ్ మ్యారీడ్’ అని రాస్తే, పెళ్ళి ఎవరూ చేసుకోలేదు, జ్వరంలాగా అదే వచ్చి తగిలిందేమో అనిపిస్తుంది.